షడ్జమానికి రాని గిటారు

పెండ్లయిన కొత్తలో మేము చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఒక మిద్దె మీది పోర్షన్‌లో కాపురం పెట్టినాము. సామాన్లు దించిన రోజు సాయంత్రం నేను వంటింట్లో డబ్బాలు సర్దుకుంటా ఉంటే ముందు గదిలో టేప్‌రికార్డర్ మోగడం మొదలుపెట్టింది. పాట కాదు, గిటారు. అది మొదలైనట్టు కూడా లేదు, ఎవరో పరిగెత్తుకుంటా వచ్చి మా ఇంట్లోకి దూరినట్టుంది. స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటా పైకి పోయి, కిందికి జారి, మళ్ళీ ఇంకో పక్కకు తిరిగి, ఊపిరి కూడా తీసుకోకుండా పోతా ఉన్నాయి. నేను కందిపప్పు డబ్బా చేత్తో పట్టుకుని అట్లే నిలబడిపోయినాను. ఎంత తిరిగినా కడాకు షడ్జమం దగ్గరికొచ్చి కూర్చోవాల గదా అని చూస్తా ఉన్నాను. రాలేదు. పాట అయిపోయింది.

నేను తిరుపతిలో మా పిన్ని ఇంట్లో ఉండి సంగీతం కాలేజీలో వయొలిన్ నేర్చుకున్నదాన్ని. మాకు ఆ షడ్జమం, 'స', అంటే ఇల్లు. ఎంత దూరం తిరిగినా పొద్దు గుంకేలోగా ఇంటికి రావాల. వెనక తంబూరా మోగతా ఉంటే, ఆ మోతే మనకు వీధి దీపం. ఈ గిటారాయనకు ఇల్లే ఉన్నట్టు లేదు.

మా ఆయన వంటింటి గడప దగ్గరికొచ్చి, "ఎట్లుండాది?" అని అడిగినాడు.

పెండ్లయి నెల కూడా తిరగలేదు. ఏమని చెప్పేది? "బాగుండాది" అన్నాను.

"అబద్ధం" అని నవ్వినాడు. "మొదటిసారి వినంగానే ఇది బాగుండాదని ఎవురూ అనరు మే. నేనే అనలేదు."

ఆయన మద్రాసులో డిప్లొమా చదివేటప్పుడు హాస్టల్ గదిలో ఎవరో సీనియర్ ఒక క్యాసెట్టు వదిలేసి పోయినాడంట. జాజ్‌నూ రాక్‌నూ కలిపి వాయించేదాన్ని ఫ్యూజన్ అంటారని అప్పటికి ఈయనకు తెలీదు. ఉన్న ఇంకో క్యాసెట్టును టేప్‌రికార్డర్ నమిలేస్తే, గత్యంతరం లేక దీన్నే వేసుకునేవాడంట. మొదట్లో తలనొప్పి వచ్చిందంట. కొన్నాళ్ళకు ఒక పొద్దున పండ్లు తోముకుంటా ఉంటే నోట్లో అదే గిటారు వచ్చిందంట. "నురగతోనే నిలబడిపోయినా. ఇది నాలోకి ఎప్పుడు దూరిందిరా నాయనా అనుకున్నా" అని చెప్పినాడు.

నాలోకి మాత్రం దూరలేదు. ఆయన పలమనేరు రోడ్డులో ఉండే పాల డెయిరీలో కూలింగ్ ప్లాంటు మెకానిక్కు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి ఒళ్ళంతా అమ్మోనియా, పాలు కలిసిన వాసన. స్నానం చేసి, కాఫీ తాగి, నేలమీద గోడకు ఆనుకుని కూర్చుని ఆ గిటారాయన్ను పెట్టుకునేవాడు. పగలంతా కంప్రెసర్ల మోతలో నిలబడి వచ్చిన మనిషికి ఇంటికొచ్చినాక ఇంకో మోత ఏంటికో నాకు అర్థమయ్యేది కాదు. నేను స్కూల్లో సంగీతం టీచర్ని. సాయంత్రం ఇంటి దగ్గర పిల్లలకు వయొలిన్ చెప్పేదాన్ని. సరళీ స్వరాలు వాయించే పిల్లల వెనక ఆ గిటారు మొదలైతే పాపం వాళ్ళ కమాన్లు ఎటో పోయేవి.

"రొంత తగ్గించరాదా?" అనేదాన్ని.

"తగ్గిస్తే ఆయన ఆ సన్న స్వరాలు తీస్తాడే, అవి వినబడవు మే."

"వినబడకపోతే ఏం పోయింది? శ్రుతి యాడ పెట్టుకున్నాడో ఆయనకే తెలీదు."

దానికి ఆయన ఒకసారి చెప్పిన జవాబు నాకు బాగా గుర్తుంది. "బస్సులో కిటికీ పక్కన కూర్చున్నామనుకో. చెట్లు పోతా ఉంటాయి. నువ్వు మొదటి చెట్టునే పట్టుకోని, అది యాడికి పాయె, అది యాడికి పాయె అని ఏడుస్తా ఉండావు. ముందరొచ్చే చెట్టును సూడవే!"

మాట బాగానే ఉంది. కానీ మాట విని సంగీతం ఇష్టపడలేం కదా.

మా నాయనకు కాణిపాకంలో గుడి దగ్గర కొబ్బరికాయలు, పూజ సామాన్ల అంగడి ఉండేది. చిత్తూరుకు సరుకుకు వచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చి భోంచేసి పోయేవాడు. ఒకసారి ఆయన తింటా ఉంటే మా ఆయన ఆ క్యాసెట్టు పెట్టినాడు. నాయన ఏమంటాడో అని చారు వడ్డిస్తా ఆయన ముఖమే చూస్తా ఉన్నాను. నాయన చెయ్యి కంచంలో ఆపి, తల పక్కకు వంచి, చాలాసేపు విన్నాడు.

"ఏమప్పా అల్లుడూ" అన్నాడు కడాకు. "ఈయప్ప ఏందో పోగొట్టుకోని ఇల్లంతా ఎతకతా ఉన్నట్టుండాదే. దొరికిందా లేదా?"

మా ఆయన లేచి నిలబడినంత పని చేసినాడు. "అదే మామా! అదే! ఇంతవరకూ ఎవురూ ఇంత కరెక్టుగా చెప్పలేదు."

"దొరికిందా అని అడిగితే చెప్పవే?"

"దొరకలేదు మామా. అందుకే ఇంకా వాయిస్తా ఉండాడు."

"పాపం" అని నాయన చారు కలుపుకున్నాడు.

ఆ రోజునుంచి మామా అల్లుళ్ళు ఒక జట్టు. నాయనకు ఆ సంగీతం నచ్చిందని కాదు. నచ్చలేదని ఎప్పుడూ అనలేదు, అంతే. వచ్చినప్పుడల్లా "దొరికిందా?" అని అడిగేవాడు.

నా జట్టులో ఒకాయన ఉండేవాడు. మా ఆయన స్నేహితుడు, కరెంటాఫీసులో పని. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. ఆరాధన అయినాక గిటారు సంచి భుజాన వేసుకుని, మధ్యాన్నం భోజనానికి భార్యతో మా ఇంటికొచ్చేవాడు, లేకుంటే మేమే వాళ్ళింటికి పోయేవాళ్ళం. బిర్యానీ తినడం అయిపోయినాక ఇద్దరికీ అదే జగడం. ఆ క్యాసెట్టు గిటారాయన విషయంలో లోకమంతా ఇట్లే రెండుగా చీలిపోయిందంట. జాజ్ వాళ్ళేమో ఇది జాజ్ కాదు రాక్ అంటారంట. రాక్ వాళ్ళేమో ఇది లెక్కల క్లాసు అంటారంట. ఇష్టపడేవాళ్ళు మాత్రం ఆయన తరవాతే ఎవరైనా అంటారంట.

"దేవుడిచ్చిన చేతులప్పా అవి" అనేవాడు చర్చి గిటారాయన. "ఆ చేతుల్తో ఒక్క పాట, మనిషి నోటికొచ్చే పాట ఒక్కటి వాయించరాదా? వేళ్ళకు జరమొచ్చినట్టు ఆ పరుగేందబ్బా? నువ్వు చెప్పు వదినా."

నేను గట్టిగా తలూపేదాన్ని. మా ఆయన ఒక్కడే ఒక పక్క. అయినా ఎప్పుడూ కోపం తెచ్చుకునేవాడు కాదు. "మీరిద్దరూ కడుపు నిండా తిని వింటా ఉండారు. ఆకలితో వినాల దాన్ని" అని నవ్వేసేవాడు. ఆ ఆదివారాలు, ఎండ మిద్దె మీదనుంచి జారిపోయేదాకా తెగని ఆ వాదులాటలు, మధ్యలో నాలుగుసార్లు టీలు. ఇప్పుడు తలచుకుంటే మేమందరం ఎంత తీరుబడిగా ఉన్నామా అనిపిస్తుంది.

మా పాప పుట్టి, కాస్త పెద్దదై, నేను వంటింట్లో చిక్కుడుకాయలు తరుగుతా ఉన్న ఒక సాయంత్రం ఒక చిన్న వింత జరిగింది. ముందు గదిలో ఆ గిటారు. నా కత్తి దానంతటదే ఒక నడకలో పడుతోంది. చూసుకుంటే, తకిట తకధిమి, తకిట తకధిమి. మిశ్రచాపు! ఏడు దెబ్బల తాళం. ఇన్నేళ్ళూ కాలికి, చేతికి అందకుండా జారిపోతోందని నేను విసుక్కున్న పాట, నేను పిల్లలకు రోజూ నేర్పే తాళంలోనే నడుస్తా ఉంది. కత్తి పట్టుకునే ముందు గదిలోకి పోయినాను.

"ఇది మిశ్రచాపు" అన్నాను.

మా ఆయనకు తాళాల పేర్లు తెలీవు. నేను తొడమీద వేసి చూపించినాను. ఆయన నాతోపాటు వేసినాడు. పాట అయిపోయేవరకూ ఇద్దరం వేస్తానే ఉన్నాము. ఆయన ముఖం చూడాల్సింది ఆ పొద్దు. చర్చి గిటారాయనకు ఫోన్ చేసి, "నీ వదిన మా పార్టీలోకి వచ్చేసిందప్పా" అని చెప్పినాడు.

నేను ఆ పార్టీలోకి పోలేదు. తాళం దొరికింది గానీ పాట దొరకలేదు. తాళం లెక్క అందినాక నాకు కాస్త గర్వం కూడా వచ్చింది, ఓహో ఇంతేనా అని. అట్లా చాలా ఏండ్లు గడిచినాయి. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చినాయి, అవీ పోయి ఫోన్లో పాటలు వచ్చినాయి. మేము మిద్దె వదిలి, ముందర రేకుల వసారా ఉండే సొంత ఇంటికి మారినాము. గిటారాయన కూడా మాతోపాటే మారినాడు.

ఆ తరవాత మా ఆయన సౌండు పెంచడం మొదలుపెట్టినాడు. మొదట మేమెవరం పట్టించుకోలేదు. స్పీకర్లు మసకబారినాయి అన్నాడు. కొత్త స్పీకర్లు తెచ్చినాడు. వాటిల్లోనూ అదే. "ఇంతకు ముందు అద్దం మాదిరి ఉండేది మే, ఇప్పుడు దాని మీద ఎవురో గోనెసంచి కప్పినట్టుండాది" అన్నాడు. నా చెవికి మాత్రం అద్దం మాదిరే ఉంది. ఉందని చెప్పినాను కూడా. ఆయన నమ్మలేదు. ఒక రోజు పొయ్యి మీద కుక్కర్ విజిల్ మీద విజిల్ వేస్తా ఉంటే, ఆయన దాని పక్కనే నిలబడి నీళ్ళు తాగుతా, "విజిల్ ఎప్పుడొస్తాదో" అన్నాడు.

పాప, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

తిరుపతిలో చెవి డాక్టరు దగ్గరికి పోయినాము. శబ్దం దూరని చిన్న అద్దాల గదిలో ఆయన్ను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికొక బటన్ ఇచ్చినారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాల. నేను అద్దానికి ఇవతల నిలబడి చూస్తా ఉన్నాను. టెస్టు చేసే అమ్మాయి ఒక్కొక్క శబ్దం పంపిస్తా ఉంది. మొదట ఆయన వెంటవెంటనే నొక్కినాడు. తరవాత నిదానంగా. తరవాత ఆ అమ్మాయి శబ్దాలు పంపిస్తానే ఉంది, ఆయన బటన్ మీద వేలు పెట్టుకుని, చాలా శ్రద్ధగా, ఎదురు చూస్తానే ఉన్నాడు. పరీక్ష రాసే పిల్లోడి మాదిరి ఆ ముఖం. నేను చూడలేక పక్కకు తిరిగినాను.

"బొంగురు శబ్దాలు బాగా వినబడతాయమ్మా" అన్నాడు డాక్టరు. "సన్నవే పోయినాయి. ఏండ్ల తరబడి మిషన్ల మోతలో ఉన్నోళ్ళకు ఇట్లా అవుతుంది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాల." చెవిలో పెట్టుకునే మిషను రాసిచ్చినాడు.

ఆ మిషనుతో మాటలు కొంత తేలికైనాయి. పాట మాత్రం దాంట్లో రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుందన్నాడు. డెయిరీలో ఆయన్ను ప్లాంటు నుంచి స్టోర్స్‌లోకి మార్చినారు. ఒక సాయంత్రం స్పీకర్ల మీద నేను వేసిన పాత చీర ముక్క సరిగా కప్పి, వసారాలోకి పోయి కూర్చున్నాడు. ఆ తరవాత వాటిని ముట్టుకోలేదు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నాకు హాయిగా ఉండాల కదా. పిల్లలకు పాఠం చెప్తా మధ్యలో ఆగిపోయేదాన్ని. ఏదో తక్కువైంది. సాయంత్రం కాఫీ ఇచ్చేటప్పుడు చెవులు వాటంతటవే ముందు గది వైపు పోయేవి. పాప చదువుకు బెంగళూరు పోయింది, నాయన అంతకు ముందే కాలం చేసినాడు. ఇంట్లో మా ఇద్దరి చెప్పుల శబ్దం తప్ప ఏమీ లేదు.

ఒక ఆదివారం పొద్దున నేనే చీర ముక్క తీసి పెట్టినాను ఆ గిటారును. ఆయన పేపర్లోనుంచి తలెత్తినాడు.

"ఏంటికి మే? నాకు డ్రమ్ములు తప్ప ఏం వినబడవు."

"నేను వింటా" అన్నాను.

పేపరు మడిచి, కుర్చీ నా పక్కకు జరుపుకుని, "ఇప్పుడేం చేస్తా ఉండాడు?" అని అడిగినాడు.

"పైకి పోతా ఉండాడు."

"ఇప్పుడు?"

"కిందికొచ్చినాడు. మళ్ళీ పైకి."

"నువ్వు చెప్పేది లిఫ్టు గదా మే, గిటారు కాదు" అన్నాడు. చాలా రోజుల తరవాత ఇద్దరం గట్టిగా నవ్వినాము.

అది మొదలు. ఆదివారం ఆదివారం ఆ గిటారు పెట్టి, నేను ఆయన కుడిచెవి దగ్గర కూర్చుని చెప్పడం. గట్టిగా చెప్తే ప్రయోజనం లేదు, గొంతు తగ్గించి బొంగురుగా చెప్పాల. మొదట్లో నా దగ్గర మాటలే లేవు. చెప్పాలంటే వినాల. ఒకసారి వింటే అందదు, వెనక్కి జరిపి మళ్ళీ వినాల. ఇన్నేళ్ళు ఒకే ముద్దగా వినబడిన దాంట్లో పోగులు కనబడడం మొదలైంది. ఆ గిటారాయన పరిగెత్తడం లేదు. ఒక్కొక్క స్వరం దగ్గర కాలు ఆనిస్తా ఉన్నాడు, కానీ ఆనించిన చోటే 'స' అయిపోతోంది. మేము కాలేజీలో గ్రహభేదమని నేర్చుకునేవాళ్ళం. రాగంలోని ఇంకో స్వరాన్ని ఆధారం చేసుకుంటే వేరే రాగం పుడుతుంది. కచేరీలో అది ఎప్పుడో ఒకసారి చేసే విన్యాసం. ఈయన అడుగడుక్కీ అదే చేస్తా పోతున్నాడు.

"ఇప్పుడు కల్యాణి మాదిరి మొదలుపెట్టినాడు. గాంధారం మీద నిలబడినాడు. ఇదో, అదే ఇప్పుడు ఇల్లయిపోయింది. ఇంకో ఇంట్లోకి వచ్చినాడు. ఆడ కూడా కూర్చోలేదు..."

ఆయన కండ్లు మూసుకుని తలూపేవాడు. "ఇంకేం చెప్పొద్దు, ఈడినుంచి నాకు దారి గుర్తుండాది" అనేవాడు. దారి నేను చూపిస్తే చాలు, మిగతాది లోపల ఆయనే వాయించుకునేవాడు. ఎక్కడైనా నేను తప్పు చెప్తే, "కాదు, ఆడ ఒక మెట్టు ఎక్కువ ఎక్కుతాడు, మళ్ళీ పెట్టు" అనేవాడు. మళ్ళీ పెడితే నిజమే, ఒక మెట్టు ఎక్కువ ఎక్కినాడు. వినబడని మనిషి, వినబడే నన్ను దిద్దేవాడు.

అట్లా ఉండగా మా పాప బెంగళూరునుంచి ఫోన్ చేసింది. ఆ గిటారాయన అక్కడ కచేరీకి వస్తున్నాడంట. మా ముగ్గురికీ టికెట్లు కొన్నానని చెప్పింది.

"నేనేం చేసేదానికి?" అన్నాడు మా ఆయన. "మీరిద్దరూ పోయి రాండి. నేను ఈడ ఉంటా."

"నువ్వు రాకుంటే నేనూ పోను. నీ కోసం వినడం మొదలుపెట్టిన గిటారు అది. నేనొక్కదాన్నే పోయి ఎవరికి చెప్పేది?" అన్నాను. ఆయన చాలాసేపు చెవి మిషను చేతిలో పెట్టుకుని తిప్పుతా కూర్చున్నాడు. కడాకు లేచి, ఇస్త్రీ చొక్కా యాడ ఉండాదని అడిగినాడు.

పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో పోయినాము. హాలు నిండా జనం. మా వరసలో అందరూ పాప ఈడు పిల్లలే. స్టేజి మీదికి ఒక బక్కపల్చని ముసలాయన వచ్చినాడు. ముందుకు చూడలేదు, నవ్వలేదు, స్టూలు మీద కూర్చుని వాయించడం మొదలుపెట్టినాడు. అది కూడా ఆయన్ను ఇష్టపడేవాళ్ళే ముఖం చిట్లించే రకం పాట, గిటారును కంప్యూటర్‌కు తగిలించి ఊళ పెట్టించే పాట. మూడో పాటకు మా ముందు వరసలో ఒక కుటుంబం లేచి పోయింది. వెనకనేమో పిల్లోళ్ళు ఈలలు, కేకలు. చర్చి గిటారాయన చెప్పింది నిజమే, లోకం రెండుగా చీలింది, మేము సరిగ్గా ఆ చీలిక మీద కూర్చున్నాము.

"డ్రమ్ములు రొమ్ములో కొడతా ఉండాయి మే" అన్నాడు మా ఆయన. "ఆయన వేళ్ళు కనబడతా ఉండాయి, శబ్దం మాత్రం రావడం లేదు. సినిమాలో సౌండు పోయినట్టుండాది. చెప్పు."

నేను చెప్తా పోయినాను. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కొక్క మలుపూ. పక్కన పాప మమ్మల్ని చూసి నవ్వుకుంటా ఉంది.

తరవాత ఆ ముసలాయన ఒక నిదానమైన పాట ఎత్తుకున్నాడు. డ్రమ్ములు ఆగిపోయినాయి. శబ్దం సున్నా నుంచి మెల్లిగా ఉబ్బినట్టు ఒక స్వరం వచ్చింది. తీగ మీటిన జాడే లేదు, ఎవరో తలుపు తీస్తే వెలుతురు పడినట్టు వచ్చింది. రెండోది. మూడోది. అక్కడ ఆయన వేలు జారింది. తీగ జర్రుమంది. హాల్లో అందరికీ తెలిసింది. ఆయన ఆగలేదు, ఆ జారిన చోటికే మళ్ళీ వచ్చి, ఇంకా నిదానంగా, దాని చుట్టూ తిరిగి, నాలుగు స్వరాలు దిగి, 'స' అని నేను అనుకున్న దానికి సరిగ్గా ఒక అడుగు ఇవతల నిలబడినాడు. నిలబడి, ఇంకేమీ చెయ్యలేదు. ఆ స్వరం అట్లే తగ్గిపోతా ఉంది. ఇన్నేళ్ళు నేను ఎదురు చూసింది ఆ ఒక్క అడుగు కోసమే. ఆ పొద్దు నాకు అది వద్దనిపించింది. అక్కడే ఉండు, అక్కడే ఉండు అనుకుంటా ఉన్నాను.

మోచేతిని ఎవరో తట్టినారు. మా ఆయన.

"ఏమైంది? ఏంటికి ఆపేసినావు?"

నేను చెప్పడం మరిచిపోయినాను. ఎప్పటినుంచి మరిచిపోయినానో కూడా తెలీదు. ముఖమంతా తడిగా ఉంది.

"వింటా ఉన్నా" అన్నాను.

ఆయన నన్ను అట్లే చూసినాడు. తరవాత నవ్వు మొదలైంది ఆయనకు, శబ్దం లేని నవ్వు, భుజాలు కదిలిపోయే నవ్వు. నా చేతిని తన చేతిలోకి తీసుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. ఆ పాట అయిపోయేదాకా ఇంకేమీ అడగలేదు.

ఆ రాత్రికి అక్కడే ఉండి పొద్దున బస్సెక్కినాము. బస్సు మోతలో ఆయనకు నా మాట వినబడదు. పలమనేరులో బస్సు ఆపితే టీకి దిగినాము. చలిగా ఉంది. పాల క్యాన్ల వ్యాను ఒకటి పక్కన నిలబడి ఉంది. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఆయన అడిగినాడు.

"రాత్రి నాకు చెప్పకుండా దాచుకున్నావే, అది ఇప్పుడు చెప్పు."

మాటలతో చెప్పబోయినాను. రాలేదు. ఆయన చెవి దగ్గరికి పోయి పాడినాను, ఆ నాలుగు స్వరాలు. తల అడ్డంగా ఊపినాడు. "నీ గొంతు సన్నంగా ఉండాది. కిందికి పో." కిందికి పోయినాను. "ఇంకా." ఇంకా కిందికి పోతే నా గొంతు గాలిగా మారి, బొంగురుగా, దున్నపోతు మాదిరి ఒక శబ్దం వచ్చింది. టీ అంగడి ఆయన చిల్లర ఇవ్వడం ఆపి మా వైపు చూస్తా ఉన్నాడు.

"ఆ!" అన్నాడు మా ఆయన. "అది! అది వినబడింది."

ఇంటికొచ్చినాక వయొలిన్ తీసినాను. మంద్ర తీగ, అన్నిటికంటే కింద ఉండే లావు తీగ, దాన్ని ఇంకాస్త కిందికి దించినాను. పిల్లలకు గీతాలు, వర్ణాలు చెప్పడం తప్ప నా కోసం నేను వాయించుకుని ఎన్నేళ్ళయిందో. ఆ గిటారు పాటను ముక్కలు ముక్కలుగా విని, ఒక్కొక్క ముక్కనూ ఆ కింది తీగ మీద వెతికి, పట్టుకుని, ఆయన దగ్గర కూర్చుని వాయించేదాన్ని. ఆయన చెవి మిషను తీసి పక్కన పెట్టి వినేవాడు.

"గమకం ఏస్తా ఉండావు" అని మొదటి రోజే గొణిగినాడు. "ఆయన అట్ల ఊపడు. తిన్నగా పట్టు."

"నా చెయ్యి ఊరుకోదు."

"ఊరుకోమని చెప్పు."

చిన్నప్పటినుంచి ఊగడం నేర్చుకున్న చేతిని ఊగకుండా నిలపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సర్కస్‌లో తీగ మీద నిలబడినట్టే ఉంటుంది. ఆ గిటారాయన పాట పొడుగునా అట్లే నిలబడి నడిచినాడని చెవికి కాదు, నా వేళ్ళకు అర్థమైంది.

ఒక ఆదివారం చర్చి గిటారాయన వచ్చినప్పుడు నేను ఆ నిదానమైన పాట వాయిస్తా ఉన్నాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా వసారాలో నిలబడి విన్నాడు.

"ఎవురిది వదినా ఈ పాట?"

చెప్పినాను. నమ్మలేదు. ఫోన్లో పెట్టి వినిపిస్తే ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఇంత నెమ్మదిగా కూడా వాయించినాడా? ఇన్నేళ్ళూ ఇది దాచిపెట్టినావేందప్పా?" అని మా ఆయన మీద పడినాడు.

"నువ్వు మొదటి పాటకే లేచి టీకి పోయేవాడివి. నాదా తప్పు?"

ఆ రోజు ఆయన గిటారు కిందికి శ్రుతి చేసుకుని నాతో కలిసి వాయించినాడు. వేగంగా వాయించే పాటలు మాత్రం ఆయనకు ఇప్పటికీ పడవు. ఆ విషయంలో మేమిద్దరం ఇప్పుడు వేరే వేరే జట్లలో ఉన్నాము. వాదన పెరిగితే మా ఆయన మధ్యలో కూర్చుని, వినబడనట్టు నటిస్తాడు.

ఒక్కొక్కప్పుడు ఆ గ్రీమ్స్‌పేట మిద్దె గుర్తొస్తుంది. గోడకు ఆనుకుని కూర్చుని, ఏదో సన్న స్వరం దగ్గర మా ఆయన ముఖం వెలిగిపోయేది, నాకేమో ఆ స్వరం వచ్చిందని కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఆ స్వరం నాకు వినబడుతుంది. వినబడిన ప్రతిసారీ ఆయన వైపు చూస్తాను. ఇద్దరం ఒకేసారి ఒకే స్వరం విని తలూపింది మాత్రం, చిక్కుడుకాయల రోజు తప్ప, లేదేమో. ఆ లోటు ఉంది. లేదని అనను.

మొన్న ఆదివారం పెద్ద వాన పట్టుకుంది. వసారా రేకుల మీద పడి చెవులు గింగురుమంటా ఉన్నాయి. ఆయన వయొలిన్ పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టినాడు.

"ఈ వానలో ఏం వినబడ్తాది?" అన్నాను చేతులు తిప్పి చూపిస్తా.

"నాకు వాన అంతగా వినబడదు గదా మే" అన్నాడు. "నువ్వు వాయించు."

వాయించినాను. ఆ మోతలో నాకే సరిగా వినబడలేదు. ఆయన తల ఊపుతా ఉండడం చూసి, సరిగ్గానే పోతున్నాననుకున్నాను.